హాస్టల్లో రెండొందల లాప్‌టాప్‌లకు కోర్డ్ అవసరమా?

ప్రశ్న ఇది: "గుంటూరులో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. మా హాస్టల్లో సుమారు 200 లాప్‌టాప్‌లు ఉంటాయి. సర్వర్ లేకుండా నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు, ల్యాబ్ రికార్డులు ఒకరి దగ్గర నుంచి ఒకరు వెతికి తీసుకునే ప్రాజెక్టు చేస్తున్నాం. మా గైడ్ కోర్డ్ పద్ధతి పెట్టమంటున్నారు. సీనియర్లేమో గ్నుటెల్లాలాగా అందరికీ ప్రశ్న పంపెయ్యి, తేలిక అంటున్నారు. పీర్-టు-పీర్‌లో వెతకడానికి ఏది మంచి పద్ధతి?"

నేను విజయవాడలో నెట్‌వర్కుల పని చేసుకుంటూ ఇరవై ఏళ్లు దాటించినవాణ్ణి. ముందే చెప్పేస్తాను: మీకు కోర్డ్ (ఏ ఫైలు వివరం ఏ మెషీన్ దగ్గర ఉండాలో లెక్కతో తేల్చే పద్ధతి) అక్కర్లేదు. సీనియర్లు చెప్పిందీ ఉన్నదున్నట్టు చేయొద్దు. ఏది మంచిది అని అడిగే ముందు ఇంకో రెండు సంగతులు తేల్చుకోవాలి. మీ హాస్టల్ వాళ్లు వెతికే పెట్టెలో అసలు ఏం టైప్ చేస్తారు? వాళ్లు వెతికేది ఎంతమంది దగ్గర ఉంటుంది? ఈ రెండూ తేలితే పద్ధతి దానంతట అదే తేలుతుంది. గైడ్లు, బ్లాగులు, యూట్యూబ్ పాఠాలు అన్నీ పద్ధతి దగ్గర మొదలుపెడతాయి. తిప్పలన్నీ అక్కడే.

సీనియర్లు చెప్పిన దానితో మొదలుపెడదాం. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుకి ఎప్పుడైనా వెళ్లారా? మీరడిగిన పుస్తకం లేకపోతే షాపతను మిమ్మల్ని పంపించెయ్యడు. పక్క షాపుకి కేకేస్తాడు, వాడు ఆ పక్కవాడికి. కాసేపటికి వరుసంతా మీ పుస్తకం గురించి తెలుస్తుంది. గ్నుటెల్లా చేసేది ఇదే. 2000 మార్చిలో నల్‌సాఫ్ట్ వాళ్లు, అంటే వినాంప్ చేసినవాళ్లే, దీన్ని బయటికి వదిలారు. అప్పటికే ఆ కంపెనీని కొనేసిన ఏఓఎల్ వెంటనే దాన్ని తీయించేసింది. అప్పటికే జనం డౌన్‌లోడ్ చేసుకున్నారు, పని ఆగలేదు. దానికి ముందు 1999లో వచ్చిన నాప్‌స్టర్‌లో పాటలు జనం దగ్గరే ఉన్నా, ఎవరి దగ్గర ఏముందో చెప్పే జాబితా మాత్రం కంపెనీ సర్వర్లలో ఉండేది. వెతకడానికి అంతకంటే సుఖమైన పద్ధతి లేదు. కానీ 2001లో కోర్టు గొడవల్లో ఆ సర్వర్లు ఆగగానే మొత్తం ఆగిపోయింది. గ్నుటెల్లాలో ఆపడానికి మధ్యలో ఎవరూ లేరు. ఆ సౌకర్యానికి ధర కేకలు.

ఆ ధర ఎంతో నేను చదువుకునే రోజుల్లో స్వయంగా కట్టాను. ల్యాబులో 60 మెషీన్లు. ప్రతి మెషీన్‌కి నాలుగు పొరుగు మెషీన్లు పెట్టి జావాలో ఒక ప్రోగ్రాం రాశాం. ప్రశ్న ఎన్ని అంగలు (ఒక మెషీన్ నుంచి పక్క మెషీన్‌కి ఒక అంగ) వెళ్లాలో చెప్పే టీటీఎల్‌ను 7గా పెట్టాం. ఎందుకు 7 అంటే గ్నుటెల్లాలో 7 ఉంది కాబట్టి, అంతే! రెండు తప్పులు చేశాం. వచ్చిన ప్రశ్నను, దాన్ని పంపినవాడికే మళ్లీ పంపాం. ఒకసారి చూసిన ప్రశ్నను గుర్తుపట్టి పారేసే ఏర్పాటు పెట్టలేదు. లెక్క వేసి చూడండి: మొదటి అంగలో 4, రెండో అంగలో 16, అలా ఏడు అంగలు కలిపితే ఒక్క ప్రశ్నకి 21,844 మెసేజీలు. 60 మెషీన్ల కోసం! నలుగురు ఒకేసారి వెతికేసరికి ల్యాబు స్విచ్ లైట్లు దీపావళి అయిపోయాయి. ల్యాబు ఇన్‌ఛార్జి వచ్చి మాట్లాడకుండా ప్లగ్ పీకేశారు. ఆయన చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అదే ప్రోగ్రాంలో పంపినవాడికి తిరిగి పంపకుండా, ప్రతి ప్రశ్నకి ఒక ఐడీ ఇచ్చి, చూసిన ఐడీ మళ్లీ వస్తే పారేస్తే? ఒక్కో మెషీన్ ప్రశ్నను ఒక్కసారే ముందుకి పంపుతుంది. అడిగినవాడు 4, మిగతా 59 మంది తలా 3. మొత్తం 181 మెసేజీలు. 21,844 ఎక్కడ, 181 ఎక్కడ. కాబట్టి ఈ కేకల పద్ధతి (ఫ్లడింగ్ అనేది దీన్నే) చెడ్డది అని ఎవరైనా గుడ్డిగా అంటే నమ్మకండి. అంత అన్యాయంగా రాసినవాళ్లం మేం. ఇంకా తగ్గించాలంటే టీటీఎల్ 1తో అడిగి, దొరక్కపోతే 2, మళ్లీ దొరక్కపోతే 3 అని పెంచుకుంటూ పోవచ్చు. అందరి దగ్గరా ఉండే ఫైలైతే మొదటి రెండు అంగల్లోనే దొరుకుతుంది. ఎవరి దగ్గరో ఒక్కరి దగ్గరే ఉంటే మాత్రం ఒకే మెషీన్లను పదేపదే అడుగుతారు, ముందున్న దానికంటే ఖర్చు పెరుగుతుంది.

కేకలు వద్దనుకుంటే యాదృచ్ఛిక నడక ఉంది. ఆటోనగర్‌లో పాత లారీ పార్టు కోసం మెకానిక్ తన కుర్రాణ్ణి పంపిస్తాడు చూడండి. అరిగిపోయిన ముక్క చేత్తో పట్టుకుని వాడు షాపు షాపుకీ తిరుగుతాడు. వీధంతా గోల ఉండదు, ఒక్క కుర్రాడు తిరుగుతాడంతే. ప్రశ్న కూడా అలాగే, ప్రతి మెషీన్ దాన్ని తన పొరుగువాళ్లలో ఎవరో ఒక్కరికే పంపుతుంది. సుమారు లెక్క చాలా తేలిక. ఫైలు 200 మందిలో 20 మంది దగ్గర ఉంటే సగటున ఓ పది అంగల్లో దొరుకుతుంది. ఒక్కరి దగ్గరే ఉంటే రెండొందల అంగలు పడుతుంది, అదృష్టం బాగోలేకపోతే ఇంకా ఎక్కువ. ఒక కుర్రాడి బదులు పదహారు మందిని పంపితే తొందరగా తేలుతుంది. 2002లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో ఇలా 16 నుంచి 64 మందిని పంపి చూశారు. నాలుగు అంగలకోసారి అడిగినవాడి దగ్గరికి కబురు పంపి, దొరికిందా, ఇంకా తిరగాలా అని కనుక్కోవడం లాభమని తేల్చారు. చిన్న ఉపాయమే అయినా, ఇది లేకపోతే ఫైలు దొరికాక కూడా మిగతా పదిహేను మందీ ఊరంతా తిరుగుతూనే ఉంటారు.

ఇప్పుడు మీ గైడ్ గారి కోర్డ్. 2001లో అయాన్ స్టోయికా, హరి బాలకృష్ణన్ తదితరులు దీన్ని బయటపెట్టారు. అదే ఏడాది సిల్వియా రత్నసామి తదితరుల క్యాన్, ఇంకా పేస్ట్రీ, ట్యాపెస్ట్రీ వచ్చాయి. వీటన్నిటినీ కలిపి డీహెచ్‌టీలు (డిస్ట్రిబ్యూటెడ్ హ్యాష్ టేబుల్స్) అంటారు. ఇక్కడ ఎవరూ ఎవరినీ వెతుక్కుంటూ తిరగరు. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో వస్తువు పేరే చెబుతుంది. ఫైలు పేరుని షా-1 లాంటి హ్యాష్‌లో (ఏ మాటనైనా ఒక సంఖ్యగా మార్చే లెక్కలో) వేస్తే 160 బిట్ల సంఖ్య వస్తుంది. మెషీన్లకీ అలాంటి సంఖ్యలే ఉంటాయి. అన్నీ ఒక వలయంలో వరుసగా కూర్చున్నాయనుకోండి. ఫైలు సంఖ్యతో సమానమైన, లేదా దాని తర్వాత మొదట వచ్చే సంఖ్య ఉన్న మెషీన్ దగ్గర ఆ ఫైలు చిరునామా ఉంటుంది. ప్రతి మెషీన్ దగ్గరా వలయంలో సగం దూరం, పావు దూరం, అరపావు దూరంలో ఎవరున్నారో రాసిపెట్టుకున్న చిన్న పట్టిక ఉంటుంది. ప్రతి అంగలో మిగిలిన దూరం సగమో అంతకంటే ఎక్కువో తగ్గుతుంది. పది లక్షల మెషీన్లున్నా సగటున పది అంగలు, కాస్త అటూ ఇటూ. 200 మెషీన్లకి నాలుగు. ఉంటే దొరుకుతుంది, లేకపోతే లేదని ఖచ్చితంగా చెబుతుంది. కేకల పద్ధతి ఈ రెండోది ఎప్పటికీ చెప్పలేదు.

2002లో పీటర్ మేమౌన్కోవ్, డేవిడ్ మజియెర్ రాసిన కడెమ్లియా ఇంకా అందంగా ఉంటుంది. అక్కడ రెండు సంఖ్యల మధ్య దూరం అంటే వాటి ఎక్సార్, అంటే బిట్లు తేడాగా ఉన్నచోట 1, ఒకటిగా ఉన్నచోట 0 వేస్తే వచ్చే సంఖ్య. 1010కీ 1000కీ దూరం 2, 1010కీ 0110కీ దూరం 12. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ నా నుంచి మీకెంత దూరమో మీ నుంచి నాకూ అంతే దూరం కాబట్టి, మామూలుగా వచ్చిపోయే మెసేజీల నుంచే పట్టిక నింపుకోవచ్చు. కోర్డ్‌లో దూరం ఒకవైపే, ఆ వీలు లేదు. నాకు బాగా నచ్చింది మాత్రం వేరే సంగతి. పట్టికలో చోటు నిండితే కడెమ్లియా కొత్తవాళ్ల కోసం పాతవాళ్లను తీసెయ్యదు, ఇంకా బతికున్న పాతవాళ్లనే ఉంచుకుంటుంది. గంట నుంచి ఆన్‌లో ఉన్న మెషీన్ ఇంకో గంట ఉండే అవకాశం ఎక్కువ అని గ్నుటెల్లా కొలతల్లో తేలింది మరి. పెద్దవాళ్లకి సీటివ్వడం ఇక్కడ మర్యాదే కాదు, లెక్క కూడా. 2005 నుంచి బిట్‌టొరెంట్ వాడుతున్న డీహెచ్‌టీకి ఆధారం ఇదే.

మరి ఇంత బావుంటే వద్దని ఎందుకంటున్నాను? టొరెంట్ వాడేవాళ్లు సినిమా పేరు ఎక్కడ టైప్ చేస్తారో ఆలోచించండి. డీహెచ్‌టీలో కాదు, ఏదో ఒక వెబ్‌సైట్లో. అక్కడ దొరికిన పొడవాటి హ్యాష్ పట్టుకుని, ఇది ఎవరెవరి దగ్గర ఉందో అడగడానికి మాత్రమే డీహెచ్‌టీ. అంటే అది వెతకదు, తెలిసినదాన్ని పట్టుకొస్తుంది. రెండింటికీ చాలా తేడా ఉంది. ఇంటి నంబరు తెలిసినవాడికి పోస్ట్‌మ్యాన్ దారి చూపిస్తాడు కానీ, "ఆ కళ్లజోడు పెట్టుకునే లెక్చరర్ గారిల్లు" అంటే నంబరు చెప్పలేడు. (మన ఊళ్లలో పోస్ట్‌మ్యాన్ చెప్పేస్తాడనుకోండి, అది వేరే విషయం.)

మీ హాస్టల్లో ఎవరూ ఫైలు అసలు పేరు టైప్ చేయరు. "డీబీఎంఎస్ యూనిట్ 3" అని కొడతారు. ఫైలు పేరేమో "యూనిట్-3 డీబీఎంఎస్ ఫైనల్ కొత్తది". ఒక్క అక్షరం తేడా వస్తే హ్యాష్ మొత్తం మారిపోతుంది, ప్రశ్న వలయంలో ఎక్కడికో పోతుంది. సరే, పేర్ల బదులు మాటల్ని హ్యాష్ చేద్దామంటారు. "డీబీఎంఎస్" అన్న మాట ఎవరి వాటాకి పడితే వాడి లాప్‌టాప్‌లో ఆ మాట ఉన్న ఫైళ్లన్నిటి జాబితా ఉంటుంది. పరీక్షల ముందు రోజు హాస్టలంతా ఆ ఒక్కడి మీద పడుతుంది. పైగా "డీబీఎంఎస్", "యూనిట్" రెండూ ఉన్న ఫైళ్లు కావాలంటే ఒకడి జాబితా ఇంకొకడికి పంపి కలిసినవి ఏరాలి. "యూనిట్" లేని ఫైలంటూ మీ దగ్గర ఉండదు కదా, ఆ జాబితా కొండంత ఉంటుంది.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లు కొందరైనా ఉంటారు, అక్కడ ఇంకో గొయ్యి ఉంది. యూనికోడ్‌లో "ఐ" గుణింతం గుర్తుని ఒకే కోడుగా రాయొచ్చు, "ఎ" గుణింతానికి కింది గుర్తు కలిపి రెండు కోడ్లుగా కూడా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే, బైట్లు వేరు, హ్యాష్‌లు పూర్తిగా వేరు. "సాఫ్ట్‌వేర్"లో ట్ దగ్గర పొల్లు నిలబడడానికి కనపడని అక్షరం ఒకటి పెడతాం. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. కాబట్టి ఏ పద్ధతి తీసుకున్నా, హ్యాష్ చేసే ముందు ఎన్ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక యూనికోడ్ రూపంలోకి మార్చి, ఆ కనపడని అక్షరాలు తీసెయ్యండి. ఇంగ్లీషు పేర్లైతే అన్నీ చిన్న అక్షరాల్లోకి (లోయర్‌కేస్) మార్చి, గీతలూ చుక్కలూ ఖాళీలుగా చేసి మాటలుగా విడగొట్టండి. ఇది చేయకుండా కోర్డ్ ఎంత బాగా రాసినా డెమోలో "ఫలితాలు లేవు" అనే వస్తుంది.

ఇంకోటి, హాస్టల్లో లాప్‌టాప్ మూత ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. కేకల పద్ధతిలో మీ ఫైలు గురించి జవాబు చెప్పేది మీరే. మీరుంటే దొరుకుతుంది, లేకపోతే లేదు. డీహెచ్‌టీలో ఫైలు మీ దగ్గరే ఉన్నా, దాని చిరునామా మాత్రం ముక్కూమొహం తెలియనివాడి లాప్‌టాప్‌లో ఉంటుంది. వాడు మూత మూసి మెస్సుకి పోతే మీ ఫైలూ గల్లంతే. అందుకే చిరునామాలు నాలుగైదు చోట్ల కాపీ పెట్టాలి, ఎప్పటికప్పుడు పట్టికలు సరిచేసుకోవాలి. కోర్డ్‌లో అసలు కష్టమంతా ఈ సరిచేసుకోవడంలోనే ఉంది. వెతికే కోడ్ ముప్పై లైన్లు, బాగుచేసే కోడ్ మూడు నెలలు.

ఈ రెండింటికీ మధ్య దారి మన గుంటూరు మిర్చి యార్డులో ఉంది. రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపుకుని కొనేవాళ్ల వెంట తిరగడు. ఎవరు ఏ రకం తెచ్చారో కమీషన్ ఏజెంటుకి తెలుసు, కొనేవాళ్లు ఆయన దగ్గరికే వస్తారు. 2001 ప్రాంతంలో కజా అనే ఫైళ్లు పంచుకునే ప్రోగ్రాం, తర్వాత గ్నుటెల్లా కూడా ఇదే దారి పట్టాయి. మంచి కనెక్షన్, ఎక్కువసేపు ఆన్‌లో ఉండే మెషీన్లను పెద్దలుగా ఎన్నుకుని, మిగతావాళ్లు తమ దగ్గరున్న వాటి వివరం వాళ్లకి అప్పజెప్పేవాళ్లు. ప్రశ్నలు పెద్దల మధ్యే తిరిగేవి. వేలల్లో మెషీన్లుంటే నేనూ అదే చెప్పేవాణ్ణి.

మీవి 200. అందుకని నా సలహా: అందరికీ ప్రశ్న పంపకుండా, ఎవరి దగ్గర ఏముందో అందరూ గుర్తుంచుకోండి. ఇది అతిశయోక్తి కాదు. 1970లో బర్టన్ బ్లూమ్ చెప్పిన ఫిల్టర్ ఉంది. సున్నాలతో నిండిన బిట్ల వరుస తీసుకుంటారు. ఒక్కో మాటను ఏడు హ్యాష్‌లలో వేసి, వచ్చిన ఏడు స్థానాల్లో 1 పెడతారు. తర్వాత ఏ మాట గురించి అడిగినా ఆ ఏడు చోట్ల చూస్తారు. ఒక్కచోట సున్నా ఉన్నా ఆ మాట ఖచ్చితంగా లేదు. అన్నీ 1 అయితే ఉండొచ్చు. మాటకి పది బిట్ల చొప్పున ఇస్తే పొరపాటుగా "ఉంది" అనడం దాదాపు 1 శాతం. ఒక్కో లాప్‌టాప్‌లోని ఫైలు పేర్లలో వెయ్యి వేర్వేరు మాటలున్నాయనుకుందాం. పదివేల బిట్లు, అంటే 1,250 బైట్లు. 200 మందివి కలిపితే 250 కేబీ. మీ ఫోన్‌లో ఒక్క ఫొటో అంతకంటే పెద్దది!

అంటే ప్రతివాడి దగ్గరా అందరి ఫిల్టర్లూ ఉంటాయి. "డీబీఎంఎస్ యూనిట్ 3" అని కొట్టగానే తన మెషీన్‌లోనే 200 ఫిల్టర్లు చూసి, మాటలన్నీ ఉన్న వాళ్లని మాత్రమే నేరుగా అడుగుతాడు. ఒక్క మాటే అయితే ఒకరిద్దరిని అనవసరంగా అడుగుతాడు, రెండు మూడు మాటలైతే ఆ పొరపాటు దాదాపు మాయం. మాటలు వేర్వేరు ఫైళ్లలో ఉన్నవాళ్లు మాత్రం తగులుతారు, వాళ్లు లేదని జవాబిస్తే సరిపోతుంది. ఫిల్టర్లు పంచుకోవడానికి పుకారు పద్ధతి వాడండి. ప్రతి అర నిమిషానికీ ఎవరో ఒకరిని ఎంచుకుని, ఎవరి ఫిల్టర్ ఎన్నో వెర్షన్ నీ దగ్గరుందో చెప్పు అని సరిచూసుకుని, కొత్తవి మార్చుకోవాలి. హాస్టల్లో పుకారు ఎంత వేగంగా పోతుందో మీకు నేను చెప్పాలా? పది పన్నెండు రౌండ్లలో అందరికీ చేరుతుంది, అంటే ఐదారు నిమిషాలు. ఫైలు తీసేస్తే ఫిల్టర్ నుంచి మాట తీయడం కుదరదు, మొత్తం మళ్లీ కట్టి వెర్షన్ పెంచండి. వెయ్యి మాటలే కదా, రెప్పపాటు పని. ఈ ఆలోచన నాది కాదు. 2003 ప్రాంతంలో రట్గర్స్ యూనివర్సిటీ వాళ్లు ప్లానెట్‌పీ పేరుతో దాదాపు ఇలాగే చేశారు.

ఫలితాలు వచ్చాక ఇంకో చిన్న పని. ఒకే పీడీఎఫ్ ఐదుగురి దగ్గర ఐదు పేర్లతో ఉంటుంది. ఫైలు లోపలి బైట్లకి హ్యాష్ వేసి, ఒకే హ్యాష్ ఉన్నవాటిని ఒక్క వరుసలో చూపించండి. అప్పుడు ముక్కలు ముక్కలుగా ఐదుగురి దగ్గర నుంచీ తెచ్చుకోవచ్చు.

గైడ్ గారితో వాదన పెట్టుకోకండి. కోర్డ్‌ను సిమ్యులేషన్‌గా రాయండి. 200, 2,000, 20,000 మెషీన్లతో నడిపి, ఒక్కో ప్రశ్నకి ఎన్ని మెసేజీలు, దారిలో పదోవంతు మెషీన్లు ఆగిపోతే ఎన్ని ప్రశ్నలు తప్పిపోతాయి అని గ్రాఫ్ గీయండి. పక్కనే ఐడీ చూసి పారేసే కేకల పద్ధతి, పదహారు మంది నడక, ఫిల్టర్లు. 20,000 దగ్గర ఫిల్టర్లే 25 ఎంబీ అవుతాయి, వాటి మార్పులు పంచుకోవడమే పెద్ద పని అయిపోతుంది, అక్కడ నా సలహా చెల్లదు. ఆ గ్రాఫ్ చూపిస్తే ఆయనే మీ మాట చెబుతారు. వైవాలో కూడా, ఎప్పుడు ఏది పనికిరాదో చెప్పగలిగినవాడికే మార్కులు పడతాయి.

ఇదంతా మొదలుపెట్టేలోపు ఈ రాత్రే ఒక పని చేయండి. ఇద్దరు వేర్వేరు అంతస్తుల్లో కూర్చుని హాస్టల్ వైఫైలో ఒకరి లాప్‌టాప్ నుంచి ఇంకొకరిదానికి పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందో లేదో చూసే కమాండ్) కొట్టి చూడండి. చాలా చోట్ల వైఫైలో ఒక లాప్‌టాప్ ఇంకోదానితో మాట్లాడకుండా అడ్డుకట్ట పెడతారు, అంతస్తుకో వీలాన్ (విడి నెట్‌వర్క్) వేసి బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే మెసేజీ) ఆపేస్తారు. పింగ్ వెళ్లకపోతే ముందు లాప్‌టాప్ ఫైర్‌వాలే ఆపుతోందేమో చూసుకోండి. అది కూడా కాకపోతే కోర్డ్ అయినా, ఫిల్టర్ అయినా ఒక్క మెసేజీ కదలదు, నెట్‌వర్క్ చూసే సార్ దగ్గరికి లెటర్ పట్టుకుని వెళ్లాల్సిందే. బ్రాడ్‌కాస్ట్ ఒక్కటే ఆగి, పింగ్ వెళ్తుంటే మాత్రం దిగులు లేదు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఇద్దరు ముగ్గురి ఐపీ అడ్రస్‌లు ప్రోగ్రాంలో ముందే రాసిపెట్టండి, మొదటి పరిచయం వాళ్ల ద్వారా అయిపోతుంది.